సుహైల్ చుక్క పొడిచినంక

ఆ కట్టెను జర లోపలికి జరుపు బిడ్డా. అంచుకు పెడితే పొగ మన దిక్కు వస్తది, వేడి గాలికి పోతది. తుమ్మ కట్టె మొండిది, నిమ్మలంగ అంటుకుంటది. అంటుకున్నదంటే మటుకు తెల్లారేదాక నిప్పు నిలుస్తది. సంచుల కొనుక్కొచ్చిన కట్టె, పొదుపుగ వాడుకోవాలె. ఈ ఎడారిల నిలబడ్డ చెట్టు మీద గొడ్డలి పెట్టుడు నేరం. ఉన్నయే పిడికెడు చెట్లాయె, అవి గూడ మంటల పెడితే ఇంకేం మిగులుతది?

ఇగ దగ్గరికొచ్చి కూసో. ఆ ఫోను పక్కన పెట్టు. ఈడ సిగ్నల్ రాదని గంట కిందనే చెప్పిన, అయినా మాటిమాటికి పైకెత్తి చూస్తనే ఉన్నవు. ఆకాశంల చుక్కలు తప్ప ఇంకేం దొరకవు నీకు.

పొద్దుగాల బండి ఎక్కినప్పుడు ఒక మాటంటివి, యాదికున్నదా? "పెద్దనాయనా, ఈ ఖతర్ల బయట తిరగనీకి ఏమున్నది? మన రాష్ట్రమైతే కుంటాల ఉన్నది, గోదారి ఉన్నది, కొండగట్టు ఉన్నది" అంటివి. నిజమే, ఉన్నయి. ఉన్న ఊరు కన్నతల్లి, దాన్ని ఎంత పొగిడినా తక్కువే. గాని ఒక్కటడుగుత చెప్పు, జగిత్యాలల ఉన్నన్ని రోజులు కుంటాల జలపాతం ఎన్నిసార్లు పోయి చూసినవు? నవ్వుతున్నవంటే ఒక్కసారి గూడ పోలేదన్నట్టే. సముద్రం దాటినంక కుంటాల యాదికొచ్చింది. దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు పెద్దలు. ఇది నీ ఒక్కని ముచ్చట కాదు, మనిషి గుణమే అంత. ఇంటి ముంగట చెరువుంటే కట్ట ఎక్కడు, వెయ్యి కోసుల అవతలి సముద్రం మీద పాటలు కడ్తడు.

నువ్వన్నది ఒక లెక్కన చూస్తే తప్పు గూడ కాదు. ఈ దేశం మొత్తం 11 వేల 5 వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన పాత కరీంనగర్ జిల్లానే ఇంతకంటె జర పెద్దగుండె. వాగు లేదు, ఏరు లేదు. దేశంల అన్నిటికంటె ఎత్తు జాగ దక్షిణం దిక్కు కురైన్ అబుల్ బౌల్, దాని ఎత్తు 103 మీటర్లు. ఎటు చూసినా బల్లపరుపు నేల, సున్నపురాయి, ఇసుక, మూడు దిక్కుల సముద్రం. అయినా ఇక్కడ పుట్టినోళ్లకు ఆరుబయటంటే పానం. పొద్దు గుంకే యాళ్లకు చాప చంకల పెట్టుకొని బయటికి పోవాల్సిందే. నేను వచ్చిన కొత్తల, షెరటాన్ హోటల్ తెరిచిన రోజులల్ల, అంటే 1982 దరిదాపుల, వీళ్లకు ఈ ఉత్త నేలల ఏం దొరుకుతున్నదా అని చూస్తుంటి. వాళ్ల వెంట తిరిగి తిరిగి తెలుసుకున్న. ఇక్కడి అందం ఏడాది పొడుగునా ఉండేది కాదు, దాని కోసం ఎదురు చూడాలె.

ఎదురు చూసుడు ఎట్లుంటదో ఎండకాలం సంగతితోటి చెప్త. మన దిక్కు రోహిణి ఎండలకు రోళ్లు పగులుతయంటరు. రోహిణి కార్తె పదమూడు పద్నాలుగు రోజులు, తర్వాత మృగశిర వస్తది, మనం చేపలు తిని చల్లబడ్తం. ఇక్కడ ఆ రోహిణి నాలుగైదు నెలలుంటదనుకో. 2010 జూలైల దోహల 50.4 డిగ్రీలు కొట్టింది. నల్లా తిప్పితే సలసల కాగిన నీళ్లు వస్తయి, స్నానానికని పొద్దుగాలనే బకెట్లు నింపి చల్లార్చుకునేటోళ్లం. నువ్వు ఏసీ రూముల దుప్పటి కప్పుకొని పండుకున్నప్పుడు ఈ ముచ్చట నమ్మబుద్ధి కాదు నీకు.

నేను డ్రైవరుగ ఉన్న ఇంట్ల ముసలాయన ఒకాయన ఉండె, మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆయన నాయన. చదువు రాదు, గాని ఆకాశం చదివేటోడు. ఆగస్టు ఆఖర్ల ఒకనాడు తెల్లారగట్ల నన్ను లేపి, మిద్దె మీదికి తీసుకపోయి, ఆగ్నేయం మూల కింద మిణుకుమంటున్న చుక్కను చూపెట్టిండు. "సుహైల్, సుహైల్" అని భుజం తట్టిండు. ఆ చుక్క పొడిచిందంటే ఎండ నడుము విరిగినట్టేనని వాళ్ల పెద్దల లెక్క. ఆగస్టు 24 ప్రాంతంల మొదలుపెట్టి, అక్కడికెళ్లి పది పది రోజుల చొప్పున ఏడాదంత పంచుకుంటరు. వాళ్లు దురూర్ అంటరు. చేపలకు ఎప్పుడు పోవాలె, విత్తనం ఎప్పుడు పెట్టాలె, డేరా ఎప్పుడు వెయ్యాలె, అంత ఆ లెక్క మీదనే. మనకు కార్తెలు ఎట్లనో వాళ్లకు ఇవి అట్ల. ఇంకో ముచ్చట విను, ఆ సుహైల్ ఎవరో కాదు, మన అగస్త్యుడే. సముద్రం తాగిన ముని పేరు మీద మనం పిలిచే చుక్కనే వాళ్లు ఎండను తాగే చుక్కగ చూసుకుంటున్నరు. ఆ తెల్లారగట్ల నాకు మా నాయన యాదికొచ్చిండు. ఆయన గూడ ఇట్లనే గొంగడి కప్పుకొని వాకిట్ల నిలబడి చుక్కలు చూసి జాము చెప్పేటోడు.

చుక్క పొడిచిన తెల్లారే చల్లబడ్తదనుకోకు. సెప్టెంబరంత ఉక్కపోత, అద్దాలు పట్టుకుంటే తడి. అక్టోబర్ నడుమ దాటినంక ఒక మాపటీలి వాయవ్యం దిక్కుకెళ్లి గాలి తిరుగుతది. ఆ రోజు చూడాలె దోహను! కిటికీలు తెరుచుకుంటయి. ముసలోళ్లు కుర్చీలు వాకిట్లకు తెచ్చుకుంటరు. పిల్లలు సందులల్ల బంతులు తంతరు. ఎవరు డప్పు కొట్టి చెప్పరు, గాని ఊరంత ఒక్కసారే బయటకొస్తది. నాకు ఈ దేశంల అన్నిటికంటె ఇష్టమైన దినం ఏదంటే అదే చెప్త.

అప్పట్ల మా అసొంటోళ్లకు తిరుగుడంటే శుక్రవారం ఒక్కటే. శని, ఆదివారం అనే మాటే లేకుండె. ఆఫీసులోళ్లకు గూడ గురు, శుక్రవారాలు సెలవు. అది శుక్ర, శనివారాలకు మారింది 2003ల. శుక్రవారం పొద్దుగాల బట్టలు పిండుకొని, కూర వండుకొని, కుబ్బూస్ తెచ్చుకొని, మధ్యాహ్నం నిద్రపోయి, మాపటీలి ఇస్త్రీ అంగీ తొడుక్కొని కార్నిష్ పోయేటోళ్లం. సముద్రాన్ని పూడ్చి కట్టిన ఒడ్డు అది, వంపు తిరిగి ఏడు కిలోమీటర్లుంటది. ఇప్పుడు నీకు కనపడే అద్దాల మేడలు ఒక్కటి లేవు అవతల. షెరటాన్ ఒక్కటే ఒంటరిగ నిలబడి ఉండె. అక్కడికెళ్లి పడవ ఎక్కి, సముద్రం నడుమ పామ్ ట్రీ ఐలాండ్ అని చిన్న దీవికి పోయేటోళ్లు డబ్బున్నోళ్లు. ఆ దీవి ఇప్పుడు లేనే లేదు, తీసేసిండ్రు. మేము ఒడ్డున పల్లీలు తినుకుంట పడవలు లెక్కపెట్టేటోళ్లం. రియాలంటే అప్పట్ల రెండున్నర రూపాయలు, ఇప్పుడు ఇరవై దాటింది. ఆ రెండున్నర రూపాయలకే మా పానం ముడిపడి ఉండె. పల్లీల పొట్లం కొనాలన్నా ముగ్గురం కలిసి కొనేటోళ్లం. ఒక రియాలుకు కడక్ చాయ్ అన్న ధర ఈ దేశంల శానా ఏండ్లు కదలకుండ నిలబడ్డది, ఆ చాయ్ పోసినోళ్లకు పుణ్యముంటది. పెట్రోలు గూడ 2011 దాక లీటరు రియాలు లోపే. కాని మాకు బండి యాడిది?

కార్నిష్ అంటే క్యాసెట్ల ముచ్చట చెప్పాలె. ఫోన్ మాట్లాడుడు ఖర్చు, ఉత్తరం పోయి జవాబు వచ్చేసరికి నెల. అందుకని టేప్ రికార్డర్ల మాట్లాడి క్యాసెట్ నింపి, ఇంటికి పోయేటోని చేతుల పెట్టేటోళ్లం. రూముల పది మంది, మనసుల మాట ఎట్ల చెప్తవు? టేపు పట్టుకొని సముద్రం ఒడ్డుకు పోయేటోళ్లం. రాయికొకడు, ఒక్కొక్కడు పెట్టెతోటి మాట్లాడుకుంట కూసునేటోడు. ఒకడు బిడ్డ పెండ్లి ముచ్చట చెప్పేటోడు, ఒకడు అప్పులోనికి వాయిదా చెప్పేటోడు, ఒకడు ఏం మాట్లాడకుండ ఏడ్చేటోడు, అది గూడ రికార్డయ్యేది. మీ పెద్దమ్మ తిరుగు క్యాసెట్ల మొదటి మాట ఏమడిగిందో ఎరికేనా? "నీ వెనుక ఆ చప్పుడేంది? ఆడ గూడ వాన పడ్తుందా?" అని. అలల చప్పుడును ఆమె వాననుకున్నది. తర్వాత నా జీతం పెరిగి ఆమె ఇక్కడికొచ్చినంక, మొదటి శుక్రవారం నాడే ఒడ్డుకు తీసుకపోయి "ఇదే నీ వాన" అని చూపెట్టిన.

ఏదో చెప్తూ ఎటో పోయిన. రెడ్డొచ్చె మొదలాడు అనుకోకు, డేరాల కాడికే వస్తున్న.

చలి మొదలైందంటే ఖతరోళ్లు డేరా వేస్తరు. ఇప్పటి డేరాలు నువ్వు చూస్తున్నవు గద, జనరేటరు, టీవీ, సోఫాలు. ప్రభుత్వం కాడ అనుమతి తీసుకొని జాగ గుర్తు పెట్టించుకొని నెలల తరబడి ఉంచుకుంటరు. పాతవి మేక వెంట్రుకలతోటి నేసిన నల్ల డేరాలు. వాన పడితే ఆ వెంట్రుక ఉబ్బి సందు మూసుకపోయేది, నీటి బొట్టు లోపలికి దిగకుండె. లోపల నడుమ నిప్పు, నిప్పు మీద కావా డల్లా. కావా అంటే వీళ్ల కాఫీ, డల్లా దాని కూజ. కావా పోసుడు, తాగుడు పెద్ద మర్యాద. పోసేటోడు నిలబడి, ఎడమ చేతుల డల్లా, కుడి చేతుల చిన్న సిబ్బె అసొంటి గిన్నె పట్టుకోవాలె. తీసుకునేటోడు కుడి చేత్తోనే అందుకోవాలె. అడుగున గుక్కెడే పోస్తరు. నిండ పోసిండంటే ఇగ తాగి పో అన్నట్టు. తాగి గిన్నె ఊరికే తిరిగిస్తే మళ్ల పోస్తరు. చాలనుకుంటే గిన్నెను అటిటు ఊపి ఇవ్వాలె.

మా దోస్తు ఒకడు మెట్‌పల్లి దిక్కోడు, కొత్తగ వచ్చిండు, వానికి ఈ ఊపుడు సంగతి తెల్వదు. మర్యాదకు వద్దనొద్దు గద అని పోసినప్పుడల్ల తాగుతున్నడు, పోసేటోడు మర్యాదకు ఆపొద్దు గద అని పోస్తున్నడు. చక్కెర లేని కావా, ఏలకుల ఘాటు, వాని కండ్లు పెద్దగయినయి. ఇద్దరి మర్యాదలు పోటీపడ్డయి, ఓడేటోడు లేడు. ముసలాయన చూసి చూసి కడుపుబ్బ నవ్వి, లేచొచ్చి వాని చెయ్యి పట్టుకొని తానే ఊపిండు. ఆ రాత్రి వానికి రెప్ప పడలేదు. గాని ఆ ఇంటోళ్లు ఆనాటికెళ్లి ప్రతి చలికాలం వాన్ని పేరు పెట్టి పిలిపిచ్చుకున్నరు, మంచి అతిథి అని.

నువ్వు ఇయ్యాల బండిల వచ్చిన దారి చూసినవు గద. టైరుల 35 ఉన్న గాలిని 15 కు దించినంకనే ఇసుకలకు దిగినం. గాలి తక్కువైతే టైరు వెడల్పయి ఇసుక మీద పరుచుకుంటది, మునగదు. ఈ చిన్న సంగతి పెద్ద పెద్ద బండ్లోళ్లు మరిచిపోతరు. సీలైన్ కాడ శుక్రవారం చూడు, కొత్త బండి కొన్న పిల్లగాండ్లు దోస్తుకు చూపెట్టాలని దిబ్బెక్కుతరు. తాడిని తన్నేటోడుంటే వాని తల తన్నేటోడుంటడు. ఇంకొకడు అంతకంటె ఎత్తు దిబ్బెక్కుతడు, కొస మీద పొట్ట ఆని ముందుకు రాడు, వెనుకకు పోడు. ఇసుకన్నా కొంత నయం. అసలు భయం సబ్ఖా. పైకి తెల్లగ, గట్టిగ, సిమెంటు నేలని భ్రమపెడ్తది, ఉప్పు పేరుకున్న పెంకు అది. కింద బురద. పెంకు పగిలిందంటే ఇరుసు దాక దిగుతది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! కాని ఒక మంచి మర్యాద ఇప్పటిదాక పోలేదు ఇక్కడ. దిగబడ్డ బండి కనపడితే ఏ ఖతర్ పిల్లగాడైనా ఆగుతడు, తాడు కట్టి గుంజుతడు, పైస తీసుకోడు. పెద్దోడైతే నాలుగు తిట్టి, తన డేరా కాడికి తీసుకపోయి చాయ్ తాపుతడు.

ఇంత దూరం ఎందుకు తోలుకొచ్చిన్నో రేపు తెల్లారినంక తెలుస్తది నీకు. ఖోర్ అల్ ఉదైద్, సముద్రం ఎడారి నడుమకు వచ్చిన జాగ. రోడ్డు లేదు, ఇసుక దిబ్బల మీది దారే. 2007ల దీన్ని రక్షిత ప్రాంతంగ ప్రకటించిండ్రు. చెరువు అలుగు పారినప్పుడు నీళ్లు దారి వెతుక్కుంట పొలాలల్లకు జొరబడ్తయి చూడు, అట్ల సన్నని కాలువల లోపలికొచ్చి ఒక్కసారే పరుచుకుంటది సముద్రం. అవతలి ఒడ్డున కనపడేది సౌదీ నేల. నలభై మీటర్ల దిబ్బలు వచ్చి నేరుగ నీళ్ల అంచున నిలబడ్తయి. వాయవ్యం దిక్కు గాలి, షమాల్ అంటరు, ఏడాది పొడుగునా ఈ ఇసుకను ఆగ్నేయానికి నూకుతుంటది. దిబ్బలు నడుస్తయి బిడ్డా. నడిచి నడిచి ఆఖరికి సముద్రంల దిగుతయి. వెనుకకెళ్లి వచ్చే ఇసుక తక్కువ. నేను మొదలు చూసిన దిబ్బ ఆ జాగల ఇప్పుడు లేదు. పొద్దు పొడిచేటప్పుడు మొదలు దిబ్బల కొసలకు వెలుగు తాకుతది, తర్వాత నీళ్లు రంగు మారుతయి. నేను చెప్పుడెందుకు, నువ్వే చూస్తవు, ముందు లేస్తే.

దోహకు నైరుతిల ఇంకొన్ని దిబ్బలున్నయి, ఎండిన రోజులల్ల కొస మీదికెళ్లి జారితే ఇసుక మూలుగుతది. పిల్లలకు అది సంబరం. జిక్రీత్ పోతే గాలి కోసిన సున్నపురాళ్లు, పైన టోపీలు పెట్టుకొని నిలబడి ఉంటయి. మంచిగుంటయి, తప్పక చూడు. కాని నన్నడిగితే ఈ నేలల చూడాల్సింది వాన.

ఏడాదంత కలిపి పడేది 75, 80 మిల్లీమీటర్లు. మన దిక్కు ఒక్క రాత్రి ముసురుల అంత పడ్తది. వాన రాకడ, పానం పోకడ ఎవరికెరుక? ఇక్కడైతే ఎవరు ఎదురు చూడని రోజు వస్తది. చలికాలం మొదట్ల వానలు కురవాలని దేశమంత నమాజు చేస్తరు, అమీరు నుంచి అందరు. మనోళ్లు కప్పతల్లి ఆడుతరు, వరద పాశం పోస్తరు. రైతు ఎక్కడోడైనా చూసేది అదే మబ్బును. ఇక చినుకు పడిందా, బండ్లన్నీ ఊరి బయటకే. నేల కొద్దిగ లోతున్న చోట నీళ్లు నిలుస్తయి, రౌదా అంటరు, వారం తిరక్కముందే పచ్చబడ్తది. ముసలాయన అక్కడ మోకాళ్ల మీద కూసొని ఒక్కొక్క గడ్డి పోచకు పేరు చెప్పేటోడు. మనం ఆరు నెలల పచ్చదనంల పెరిగినోళ్లం, చూడకుండ తొక్కుకుంట నడిచినం. ఆయన వారం పచ్చదనాన్ని ఏడాదంత యాది పెట్టుకునేటోడు.

వాన మంచిగ పడ్డ ఏడు ఫఖా వెతుకుతరు. భూమిల ఊరే గడ్డ, పుట్టగొడుగు జాతిది. నేల చిన్నగ పర్రెవారి ఉబ్బిన చోటు పట్టుకొని పుల్లతోటి తీస్తరు. కిలో వందల రియాళ్లు పలుకుతది, అయినా కొనుక్కునేటోళ్లకంటె వెతుక్కునేటోళ్లకే రుచి ఎక్కువ. ఉరుములు ఉరిమితేనే పుడ్తదని వాళ్ల నమ్మకం. మా అవ్వ గూడ ఉరిమిన తెల్లారే పుట్టల కాడికి గంప పట్టుకొని పోయేది, పుట్టగొడుగుల కోసం.

ఆ రౌదాలల్లనే రేగు చెట్లుంటయి, మన రేగుకు అన్నదమ్ములు. తుమ్మలుంటయి. ఒకనాడు ముసలాయన నీడకు ఆగిన చెట్టు చూస్తే నా కాళ్లు కదల్లే. జమ్మి! సన్నని ఆకు, ముండ్లు, అదే బెరడు. వీళ్లు గాఫ్ అంటరు. మన రాష్ట్రం 2014ల తన చెట్టుగ పెట్టుకున్నది ఆ జమ్మినే గద, పాలపిట్టను పిట్టగ పెట్టుకున్నది. చలికాలంల ఇక్కడి తోటల కాడ తీగల మీద పాలపిట్ట గూడ అప్పుడప్పుడు కనపడ్తది. ఆ ఏడు దసరకు కొమ్మ విరవకుండ, కింద రాలిన నాలుగు ఆకులు ఏరుకొచ్చి రూముల అందరి చేతులల్ల పెట్టిన. బంగారం తీసుకొని అలాయ్ బలాయ్ చేసుకున్నం. పరదేశంల ఉన్నమన్న సంగతి ఆ పూట ఎవరికి యాదికి రాలే.

ఇంకో ముచ్చట, ఇది మటుకు మంచిగ విను. నువ్వు ఏసీల పని చేస్తవు, నీకు ఆరుబయటంటే సంబరం. రోజంత ఎండల ఇనుము కట్టేటోనికి, రోడ్డు పోసేటోనికి బయటంటే పని. నేను గూడ మొదలు ఆ పనిల ఉండే డ్రైవరునైన. కోటి విద్యలు కూటి కొరకే. 2007ల నడి ఎండల పని ఆపాలని ఉత్తర్వు వచ్చింది. 2021ల దాన్ని పెంచిండ్రు, జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాక పొద్దుగాల 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాక బయట పని పెట్టొద్దు. మంచి పని జరిగింది, ఇంకా ముందు జరగాల్సుండె. అసొంటి పిల్లగాడు ఒక్క శుక్రవారం మంట ముందర కూసొని, ఎవ్వరు పిలువని, ఎవ్వరు కసరని గాలి పీల్చుకుంటే వాని మొఖం చూడాలె. నీ బండిల నాలుగు సీట్లు ఖాళీగ వచ్చినయి ఇయ్యాల. అసొంటి పిల్లగాండ్లు ఉండే ఇండస్ట్రియల్ ఏరియా దారి మీదనే గద వచ్చినం. వచ్చేసారి ఆ సీట్లు నింపుకొని రా.

వనభోజనాలు గూడ నాకు అందుకే ఇష్టం. కార్తీకమాసం, ఇక్కడి చలి ఒక్కసారే మొదలైతయి. మన దిక్కు ఎండ తగ్గిందని సంబరం ఉండదు, ఇక్కడ ఉంటది. పార్కుల చాపలు పరిచి ఆంధ్ర, తెలంగాణ అని లేకుండ గిన్నెలు కలుపుకుంటం. ఉసిరి చెట్టు యాడ దొరుకుతది? బజార్ల కొన్న ఉసిరికాయలు ఒక వేప చెట్టు మొదట్ల పెట్టి దండం పెట్టుకుంటరు ఆడోళ్లు. ఎంత చెట్టుకు అంత గాలి. పులిహోర వాళ్లది, సకినాలు మనయి. కోనసీమాయన ఒకాయన ఉంటడు మా గుంపుల, వక్రా కాడ లోతు లేని నీళ్లల్ల రాత్రి టార్చి పట్టుకొని పీతలు పడ్తడు. కార్తీకం అయిపోయేదాక తినడు, పట్టుడు మటుకు ఆపడు, పట్టి పంచుతడు. అల్ తఖీరా మడ చెట్ల నడుమ ఆయనను తెడ్డు పడవ ఎక్కిస్తే "ఇది మా కోరింగేనండీ" అని ఒకటే కలవరింత. ఆయనన్నది సరే, ఆ తెల్ల మడ, కాకినాడ కాడి తెల్ల మడ ఒకటే జాతి. చలికాలం ఆ నీళ్లల్ల రాజహంసలు దిగుతయి. అక్కడికి పోయినప్పుడు మాట్లాడకు, తెడ్డు చప్పుడు గూడ తగ్గించు.

నిద్రొస్తుందా? ఆవులింత ఆపుకుంటున్నవు, నాకు కనపడ్తనే ఉన్నది. ఇంకొక్కటి చెప్పి విడిచిపెడ్త.

ఉత్తరం కొసకు పోతే, ఫువైరిత్ ఒడ్డు దాపున జసాసియా అని ఉన్నది. ఫువైరిత్ల ఎండకాలం మొదట్ల తాబేళ్లు గుడ్లు పెడ్తయి, ఆ నెలలల్ల ఒడ్డు మూసేస్తరు, పోవద్దు. జసాసియాల మెత్తని సున్నపురాతి గుట్టల మీద 9 వందల దాక బొమ్మలు చెక్కి ఉన్నయి. 1957ల బయటపడ్డయి, 1973, 74లల డెన్మార్కోళ్లు వచ్చి ఒక్కొక్కటి రాసుకున్నరు. పడవలున్నయి, పైకెళ్లి చూస్తే ఎట్ల కనపడ్తయో అట్ల, రెండు దిక్కుల తెడ్లతోటి. గుంటల వరుసలు ఎక్కువ. ఒక వరుసల ఏడు గుంటలు, పక్కన ఇంకో ఏడు. మీ పెద్దమ్మ మొదటిసారి చూసి కొంగు నోటికడ్డం పెట్టుకొని నిలబడ్డది. ఓమనగుంటలు! ముత్యాల కోసం సముద్రంల మునిగేటోళ్లు, పడవ కోసం ఎదురు చూసేటోళ్లు ఈ ఒడ్డు మీద కూసొని ఆడుకున్నరేమో అని ఆమె ఊహ. పండితులల్ల గూడ కొందరు ఆట గుంటలై ఉంటయనే అంటరు.

వచ్చే శుక్రవారం అటు పోదాం. చింతపండు పిసికినప్పుడు గింజలు పారేయదు మీ పెద్దమ్మ, డబ్బల దాచిపెడ్తది. ఒక గుప్పెడు అడిగి తీసుకరా. రాతి మీది గుంటలల్ల వేలు గూడ పెట్టొద్దు, కంచె ఇవతలికెళ్లే చూడాలె. ఆడుకునేటందుకు ఒడ్డు కాడి ఇసుకల మనమే పద్నాలుగు గుంటలు తీసుకుందాం. ముందే చెప్తున్న బిడ్డా, గింజలు లెక్కపెట్టుకొని కూసో. మీ పెద్దమ్మను ఆ ఆటల గెలిచినోడు మా ఊళ్లె గూడ లేడు.